పాలు మాన్పించిన పందిపిల్లలకు యాంటీబయాటిక్ ఆపగానే మళ్లీ పారుడు: మందు పేగు కణాలను ఏం చేస్తోంది?

రాప్తాడు పెంపకందారు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం పక్కన రాప్తాడు మండలం. తొమ్మిది తల్లి పందులతో చిన్న షెడ్డు నడుపుతున్నాను. అన్నీ లార్జ్ వైట్ యార్క్‌షైర్ సంకరజాతివే. పిల్లలకు ఆరు వారాలకు పాలు మాన్పిస్తాను. దాణా ఇంటి దగ్గరే కలుపుకుంటాను. మొక్కజొన్న, తవుడు, వేరుశనగ చెక్క, కొంచెం సోయా చెక్క, ఖనిజ లవణాల పొడి, ఇంతే.

పాలు మాన్పించిన నాలుగో రోజో ఐదో రోజో పిల్లలు పసుపుపచ్చగా, నీళ్లలా పారుకోవడం మొదలవుతుంది. నేను యాంటీబయాటిక్ పొడిని తాగే నీళ్లలో కలిపి ఐదు రోజులు ఇస్తాను. రెండో రోజు సాయంత్రానికే తోకల కింద తడి ఆరిపోతుంది, పిల్లలు మళ్లీ తొట్టి దగ్గరకు వస్తాయి. మందు ఆపి ఐదారు రోజులు గడిచేసరికి అదే ఈతలో సగం పిల్లలకు మళ్లీ పారుడు పట్టుకుంటుంది. కిందటి ఈతకు ఇలా మూడుసార్లు మందు పెట్టవలసి వచ్చింది. పదకొండు పిల్లల్లో రెండు చనిపోయాయి. మిగిలినవి పది వారాలకు కూడా పన్నెండు కిలోలు దాటలేదు.

చనిపోయిన వాటిలో ఒకదాన్ని నేనే కోసి చూశాను. చిన్నపేగు పాలిథిన్ కవరులా పలచగా ఉంది, లోపల పసుపు నీళ్లు బయటికే కనిపిస్తున్నాయి. అది చూసినప్పటి నుంచి నాకు అనుమానం పట్టుకుంది. దాణా అంగడి ఆయన, యాంటీబయాటిక్ పేగు లోపలి పొరను మాడ్చేస్తుందనీ, దానికి టానిక్ పట్టించాలనీ అంటాడు. మా బంధువుల అబ్బాయి పశువైద్యం చదువుతున్నాడు. అతనేమో యాంటీబయాటిక్ వల్ల పేగు గోడ పలచబడడం నిజమేననీ, పలచబడితే తిన్నది బాగా ఒంటపడుతుందనీ, అందుకే ఒకప్పుడు ప్రపంచమంతా దాణాలో కలిపేవారనీ చెబుతున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? మందు పేగు కణాలను చంపుతోందా, లేక వాటికి మేలు చేస్తోందా? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

ప్రొద్దుటూరు పశువైద్యుడు ఇచ్చిన జవాబు:

మీరు కోసి చూసిన పేగుతోనే మొదలుపెడతాను. ఆ పాలిథిన్ కవరు పని మందుది కాదు. ఈ.కోలై అనే బాక్టీరియా తెచ్చే విరేచనాల్లోనూ, రోటావైరస్‌లోనూ చిన్నపేగు నీళ్లతో ఉబ్బి, గోడ పలచబడి, ఎండకు పట్టి చూస్తే అవతలి వేలు కనిపించేలా తయారవుతుంది. ఇవి రెండూ పందిపిల్లల్లో మామూలుగా వచ్చేవే. ఈ రెంటిలో ఏది అన్నది కంటితో తేల్చలేము.

పేగు లోపలి పొర నిజానికి ఒకే ఒక్క వరుస కణాలు. ఆ వరుస చదునుగా ఉండదు. పాఠ్యపుస్తకాల్లో ఆంత్రచూషకాలని చెప్పే సన్నని వేళ్లలా లేచి ఉంటుంది. పందిపిల్లలో ఒక్కో చూషకం ఎత్తు సుమారు అర మిల్లీమీటరు. వాటి మొదళ్ల దగ్గర గుంతలు ఉంటాయి. ఆ గుంతల్లోని మూలకణాలు విడవకుండా కొత్త కణాలను పుట్టిస్తూ ఉంటే, పుట్టిన కణం మెల్లగా పైకి పాకుతూ, దారిలోనే జీర్ణరసాలను తయారు చేయడం నేర్చుకుని, కొసకు చేరాక రాలిపోతుంది. పాలు మానిన పిల్లలో ఈ ప్రయాణమంతా మూడు నుంచి ఐదు రోజుల్లో ముగుస్తుంది. అంటే మీరు ఒక కోర్సు మందు పూర్తి చేసేలోపు ఆ పిల్ల పేగు లోపలి పొర మొత్తం ఒకసారి మారిపోయి ఉంటుంది. ఇంత వేగంగా తనను తాను మార్చుకునే పొర ‘మాడిపోయి’ అలాగే ఉండిపోదు. మీరు వాడే మోతాదుల్లో మందు ఆ కణాలను చంపుతుందన్న అంగడి మాటను పక్కన పెట్టండి, టానిక్కును కూడా దాంతోపాటే పక్కన పెట్టండి.

ఆ కణాలకు అసలు దెబ్బ పాలు మాన్పించడం వల్లనే తగులుతుంది. మూడు వారాలకే పాలు మాన్పించిన పిల్లలను పరిశీలించినప్పుడు, చూషకాల ఎత్తు ఐదు రోజుల్లో దాదాపు సగానికి పడిపోయినట్టు తేలింది. ఆరు వారాలకు మాన్పిస్తే దెబ్బ ఇంతగా ఉండదు కానీ ఉంటుంది. దీనికి ముఖ్య కారణం ఆకలి. పేగు కణాలు తమ పోషణలో చాలా భాగాన్ని రక్తం నుంచి కాక, పేగులో కదిలే ఆహారం నుంచే నేరుగా తీసుకుంటాయి. తల్లిని విడదీసిన పిల్ల ఒకటి రెండు రోజులు తొట్టిని ముట్టకుండా అరుస్తూ తిరుగుతుంది. ఆ రెండు రోజులూ కణాలు పస్తుంటాయి. మూడో రోజు ఆ పిల్లే ఆబగా మెక్కుతుంది. చూషకాలు పొట్టిపడి ఉన్నాయి, జీర్ణరసాలు చేసే ముదురు కణాలు కొసల మీద తక్కువగా ఉన్నాయి. అరగని మొక్కజొన్న, అరగని చెక్క ముందుకు జారిపోతాయి. మీ పిల్లలకు నాలుగో రోజునో ఐదో రోజునో పట్టుకోవడం వెనక ఉన్న లెక్క ఇదే.

అరగని ఆ దాణా మీద ఈ.కోలై పెరుగుతుంది. పందుల్లో ఎఫ్4, ఎఫ్18 అనే నూగు ఉన్న రకాలు పేగు కణాలకు అతుక్కుని విషాన్ని వదులుతాయి. ఆ విషం కణాన్ని చంపదు. కణంలో నీళ్లను, ఉప్పును లోపలికి తీసుకునే పనిని తగ్గించి, బయటికి తోడే పనిని పెంచుతుంది. గ్లూకోజుతోపాటు సోడియాన్ని లోపలికి లాగే ద్వారం మాత్రం అప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. ఓఆర్ఎస్ పనిచేసేది ఆ ద్వారం వల్లనే. కాబట్టి మొదటి విడత మందుకు పారుడు రెండు రోజుల్లో కట్టిందంటే అతుక్కున్న బాక్టీరియా చచ్చిందనే ఎక్కువ సూచన. మొదటిసారి మీరు మందు వాడడం తప్పని నేను అనను.

చిక్కంతా ఆ తర్వాత ఉంది. నోటి ద్వారా ఇచ్చిన యాంటీబయాటిక్ ఈ.కోలై దగ్గర ఆగదు. పెద్దపేగులో పీచును పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారు చేసే బాక్టీరియాను కూడా ఊడ్చేస్తుంది. పెద్దపేగు కణాలకు కావలసిన శక్తిలో అధిక భాగం ఆ బ్యూటిరేట్ నుంచే వస్తుంది. దాన్ని మండించుకోవడానికి కణాలు ఆక్సిజన్‌ను బాగా వాడుకుంటాయి కాబట్టి పేగు లోపలికి ఆక్సిజన్ చాలా తక్కువగా చేరుతుంది, ఆక్సిజన్ అంటే గిట్టని మంచి బాక్టీరియా అక్కడ హాయిగా బతుకుతుంది. ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో యాంటీబయాటిక్ ఇచ్చాక బ్యూటిరేట్ పడిపోయి, కణాలు ఆక్సిజన్ వాడకం తగ్గించి, మిగిలిన ఆక్సిజన్ పేగులోకి ఊరడం కనిపించింది. ఆక్సిజన్ దొరికితే చెలరేగేవి సాల్మొనెల్లా, ఈ.కోలై కుటుంబపు బాక్టీరియాలే. పేగు కణాల మీద కప్పుకుని ఉండే జిగురు పొరకు కూడా బ్యూటిరేట్ దన్ను ఉంటుంది కాబట్టి అది కూడా పలచబడుతుంది. పేగు కణాలు ఐదు రోజుల్లో కొత్తవి వస్తాయి. ఊడ్చుకుపోయిన బాక్టీరియా తిరిగి కుదురుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న సందులోనే మీ రెండో విడత పారుడు వస్తోంది. మళ్లీ మందు పెట్టిన ప్రతిసారీ ఆ సందు వెడల్పు అవుతుంది.

ఇక మీ బంధువుల అబ్బాయి చెప్పిన విషయం. అతను తప్పు చెప్పలేదు, కానీ పాత పాఠంలో సగమే చెప్పాడు. 1940ల చివర అమెరికాలో ఓరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తయారీలో మిగిలిన పిప్పిని బి12 విటమిన్ కోసమని కోడిపిల్లలకు పెట్టి చూస్తే, విటమిన్ లెక్కకు మించి అవి పెరిగాయి. పందుల్లోనూ అదే కనిపించింది. అలా తక్కువ మోతాదులో మందు తిన్న జంతువుల పేగు గోడ పలచగా, బరువు తక్కువగా ఉండేది. గోడలో మంట తాలూకు రోగనిరోధక కణాలు తక్కువ, కణాలు మారే వేగం కూడా తక్కువ. పేగులు శరీర బరువులో ఇరవయ్యో వంతు చుట్టుపక్కల ఉండి, శరీరం ఖర్చు పెట్టే శక్తిలో దాదాపు ఐదో వంతు వాడుకునే అవయవం కాబట్టి ఆ ఖర్చు తగ్గితే మిగిలింది కండకు పోతుందన్నది అప్పటి వివరణల్లో ఒకటి. పుట్టుక నుంచి సూక్ష్మజీవులే లేకుండా పెంచిన కోడిపిల్లలకు అదే మందు ఇస్తే పెరుగుదల రాలేదని 1960ల్లో చూపించారు. మందు కణాలకు పెట్టిన మేత కాదనీ, బాక్టీరియాతో వాటికి ఉన్న తగాదాను తగ్గించడమేననీ దాంతో తెలిసింది. ఆ పలచదనం ఎదిగే పంది లెక్క, పారుకునే పిల్ల లెక్క కాదు. పైగా ఆ చిన్న మోతాదులే బాక్టీరియాకు మందును ఓర్చుకోవడం నేర్పుతాయి. స్వీడన్ 1986లోనే పెరుగుదల కోసం దాణాలో కలపడాన్ని ఆపేసింది. ఐరోపా సమాఖ్య అంతటా 2006 జనవరి నుంచి ఆగింది. డెన్మార్క్‌లో ఆపిన కొత్తలో పాలు మానిన పిల్లలకు విరేచనాలు పెరిగి, వైద్యం కోసం వాడే మందు కొంతకాలం పెరిగిన మాట కూడా నిజమే. మన దేశంలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహారం కోసం పెంచే జంతువులకు వాడడాన్ని 2019 జులైలో నిషేధించారు. మీ అంగడి పొడి డబ్బా మీద ఆ పేరు ఉందేమో ఒకసారి చదవండి.

చేయవలసిన పని చిన్నది. మీ ఊరి హైస్కూలు ప్రయోగశాలలో లిట్మస్ కాగితాలు నాలుగు అడిగి తెచ్చుకోండి. పారుతున్న పిల్ల తోక కిందనే, నేలను తాకకముందే, మందు ఇంకా పెట్టనప్పుడు కాగితం తడపండి. ఎర్ర కాగితం నీలంగా మారితే ఈ.కోలై విషపు పారుడు అయ్యే అవకాశం ఎక్కువ, నీలం కాగితం ఎర్రబడితే దాణా అరగక పులిసిన పారుడు గానీ, కొసల కణాలను తినేసే రోటావైరస్ గానీ అయ్యే అవకాశం ఎక్కువ. రెండో రకానికి యాంటీబయాటిక్ పనికిరాదు. ఇది తీర్పు కాదు, దారి చూపించే గుర్తు మాత్రమే.

ఇంకొక మాట. ప్రయోగశాలకు చచ్చిన పిల్లను పంపకండి, అప్పుడే పారుడు మొదలై ఇంకా మందు తాగని బతికిన పిల్లను తీసుకురండి. ప్రాణం పోయిన కొద్ది నిమిషాలకే చూషకాలు కుళ్లి రాలడం మొదలవుతుంది. నాలుగు గంటలు గడిచిన పేగును పది శాతం ఫార్మలిన్‌లో వేసి పంపితే, సూక్ష్మదర్శిని కింద మాకు రోగం కనిపించదు, ఆలస్యమే కనిపిస్తుంది.

అనంతపురం జీవశాస్త్ర అధ్యాపకురాలు ఇచ్చిన జవాబు:

డాక్టరు గారి వివరణలో ఒక చోట చిన్న సవరణ చేయాలనిపించింది. యాంటీబయాటిక్ పేగు కణాలను ముట్టనే ముట్టదని చదివేవారు అనుకునే ప్రమాదం ఉంది. మన కణాల్లో శక్తిని తయారు చేసే మైటోకాండ్రియా ఒకప్పటి బాక్టీరియా సంతతి. వాటికి సొంతంగా ప్రోటీన్లు తయారు చేసే రైబోజోములు ఉంటాయి, అవి మన కణంలోని మిగతా రైబోజోముల కంటే బాక్టీరియా రైబోజోములకే దగ్గర. టెట్రాసైక్లిన్ జాతి మందులు బాక్టీరియాను కట్టేసేది సరిగ్గా ఆ రైబోజోముల దగ్గరే కాబట్టి, వాటి గాఢత ఎక్కువైతే మైటోకాండ్రియా పని కూడా మందగిస్తుంది. ప్రయోగశాలలో పెంచిన కణాల్లో ఇది స్పష్టంగా కనిపించిన విషయం. నియోమైసిన్ పెద్ద మోతాదులో నోటి ద్వారా తీసుకున్న మనుషుల్లో చూషకాలు పొట్టిపడి, కొవ్వు అరగక విరేచనంలో పోయిన సందర్భాలు కూడా వైద్యులకు తెలిసినవే.

ఇవి చెప్పడం అంగడి ఆయనను సమర్థించడానికి కాదు. తల్లిపాలు ఇంకా తాగని పసి పందిపిల్ల చిన్నపేగు నుంచి తీసి పెంచిన ఐపెక్ జె2 అనే కణజాతి మీద ఇలాంటి పరీక్షలు చాలా చేస్తారు. గిన్నెలో పరిచిన ఆ కణాల పొర రెండు వైపులా విద్యుత్ నిరోధం కొలిచి, కణాల మధ్య కుట్లు ఎంత బిగువుగా ఉన్నాయో అంచనా వేస్తారు. అయితే ఆ గిన్నెలో జిగురు పొర ఉండదు, బాక్టీరియా ఉండదు, దాణా ఉండదు, రక్త ప్రసరణ ఉండదు. అక్కడ కణం దెబ్బతిన్న గాఢతను తీసుకువచ్చి మీ షెడ్డులోని తొట్టికి అంటగట్టడం కుదరదు. అదే విధంగా డాక్టరు గారు చెప్పిన ఆక్సిజన్ సంగతి ఎలుకల్లో తేలిన విషయం. పంది పెద్దపేగు ఎలుక పెద్దపేగు కంటే మనిషి పెద్దపేగును ఎక్కువగా పోలి ఉంటుంది. పందిలోనూ అలాగే జరుగుతుందని అనుకోవడానికి మంచి కారణాలే ఉన్నాయి, అయినా ఎలుక ఎలుకే.

ఆదోని పందుల షెడ్డు వారి జవాబు:

రాప్తాడు అన్న గారికి నమస్కారం. డాక్టరు గారికి, మేడం గారికి తెలిసినంత శాస్త్రం నాకు తెలియదు. పద్నాలుగేళ్లుగా ఆదోని దగ్గర పందులు మేపుతున్నాను కాబట్టి మన ఎండ గురించి, మన చెక్క గురించి రెండు మాటలు చెప్పగలను.

మీకు పారుడు ఎక్కువగా ఏ నెలల్లో వస్తోందో రాయలేదు. మా షెడ్డులో మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా వచ్చినంతగా మిగతా ఏడాదంతా కలిపినా రాదు. పందికి మనలాగా చెమట పట్టదు. రేకుల కింద నలభై రెండు డిగ్రీల్లో అది రక్తమంతా చర్మానికి తోలి వేడిని వదిలించుకోవాలని చూస్తుంది. ఆ మేరకు పేగుకు రక్తం తగ్గి, కణాల మధ్య కుట్లు వదులవుతాయనీ, పేగులో ఉండవలసిన విషాలు రక్తంలోకి ఊరతాయనీ ఒక శిక్షణలో మాకు చెప్పారు. ఆ తర్వాత నేను ఎండాకాలంలో పాలు మాన్పించడాన్ని వీలైనంత వరకు తప్పిస్తున్నాను. తప్పనప్పుడు చల్లబడ్డాక సాయంత్రం పూట మాన్పించి, రేకుల మీద చెరకు ఆకు కప్పించి, మధ్యాహ్నం తడి గోనెసంచులు కడుతున్నాను. మందు ఖర్చు తగ్గింది. ఎంత తగ్గిందో లెక్క రాసి పెట్టుకోలేదు, అబద్ధం చెప్పడం ఎందుకు.

వేరుశనగ చెక్క సంగతి. మన సీమలో చెక్క చవక, అందుకే అందరం వాడతాం. కాయ దశలో వానలు లేక ఎండిన చేలల్లోనే గింజకు బూజు ఎక్కువ పట్టి, అఫ్లాటాక్సిన్ చేరుతుంది. ఆ విషం కాలేయాన్ని చెడగొడుతుందని అందరికీ తెలుసు, పేగు కణాలు కొత్తగా పుట్టడాన్ని కూడా అది అడ్డుకుంటుంది. ఉడికించినా పోదు. పాలు మానిన పిల్లలకు నేను చెక్క ఆపేసి సోయా, ఎండు చేప పొడి పెడుతున్నాను. పెద్దవాటికి మాత్రం చెక్క వాడతాను.

చివరగా ఒక నష్టం సంగతి చెప్పాలి, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. ఐదేళ్ల కిందట నెత్తురు విరేచనాలకని టియాములిన్ అనే మందు వాడాను. మందు మంచిదే. కానీ అదే వారం ఒక బాయిలర్ కోళ్ల షెడ్డు ఖాళీ అయితే మిగిలిన దాణా చవగ్గా వస్తోందని ఎనిమిది బస్తాలు తెచ్చి పందులకు పోశాను. కోళ్ల దాణాలో కాక్సీడియా అనే పేగు పరాన్నజీవి రాకుండా సాలినోమైసిన్ కలుపుతారన్న సంగతి అమ్మినాయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ మందు, టియాములిన్ రెండూ కలిస్తే పందికి విషం. మూడో రోజు పొద్దున వెళ్లేసరికి ఆరు పందులు వెనక కాళ్లు లేవలేక కుక్కల్లా కూర్చుని ఉన్నాయి. చూపు బాగానే ఉంది, నన్ను చూసి ముందు కాళ్లతో పాకుతున్నాయి. మూత్రం టీ డికాషన్ రంగులో పోశాయి. నాలుగు చనిపోయాయి. యాంటీబయాటిక్ పేగును ఏం చేస్తుందని మీరు అడుగుతున్నారు, మంచిదే. డబ్బాలో ఏముందో, బస్తాలో ఏముందో కూడా అడగండి అన్నా.

రాప్తాడు పెంపకందారు:

ముగ్గురికీ నా కృతజ్ఞతలు. ఆదోని అన్న అడిగినది నిజమే, రాసుకున్న చీటీలు తిరగేస్తే మూడుసార్లు మందు పెట్టిన ఈత ఏప్రిల్ నెలదే. డబ్బా కూడా చూశాను. కొలిస్టిన్ లేదు, ఆక్సీటెట్రాసైక్లిన్, నియోమైసిన్ రెండూ కలిపిన పొడి అది.

ఇంకా రెండు అనుమానాలున్నాయి. మా బోరు నీళ్లు బాగా ఉప్పగా ఉంటాయి, గిన్నె కాచితే తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ నీళ్లలో మందు కలపవచ్చా? రెండోది, పోయిన మంచి బాక్టీరియా తిరిగి రావడానికని మా ఇంట్లో ఆడవాళ్లు మందుతోపాటే పుల్లటి మజ్జిగ పోస్తున్నారు. అది మంచిదేనా?

ప్రొద్దుటూరు పశువైద్యుడు:

రెండు అనుమానాలకూ ఒకే జవాబు ఉంది. ఆక్సీటెట్రాసైక్లిన్ సున్నంతోనూ (అంటే కాల్షియంతో), మెగ్నీషియంతోనూ బిగుసుకుని రక్తంలోకి ఇంకకుండా పేగులోనే ఉండిపోతుంది. పెచ్చు కట్టే మీ బోరు నీళ్లలోనూ, మజ్జిగలోనూ, దాణాలో మీరు కలిపే ఖనిజ లవణాల పొడిలోనూ ఉన్నది ఆ సున్నమే. నియోమైసిన్ సహజంగానే పేగు దాటి పెద్దగా పోదు. డాక్టరు రాసి ఇచ్చినప్పుడు వాన నీళ్లో, శుద్ధి చేసిన నీళ్ల క్యానో తెచ్చి, పిల్లలు రెండు మూడు గంటల్లో తాగేసేంత నీళ్లలోనే కలపండి. మజ్జిగ మందుతో కలిపి వద్దు, మధ్యలో కొన్ని గంటల ఎడం ఉండాలి. ఇంటి పెరుగులోని బాక్టీరియా పంది పెద్దపేగులో కాపురం పెట్టదు. అది చేసే మేలు అది ఉన్నంతసేపే. పెద్దపేగు బాక్టీరియా తిరిగి రావాలంటే దానికి కావలసింది పీచు. పిల్లల దాణాలో గోధుమ పొట్టు కొద్దిగా కలిపి చూడండి, ఎక్కువైతే మేత తినడం తగ్గుతుంది.

జీవశాస్త్రం మేడం గారి సవరణ న్యాయమైనదే, ఒప్పుకుంటున్నాను. మీ డబ్బాలో ఉన్నవి కూడా సరిగ్గా ఆవిడ చెప్పిన రెండు జాతుల మందులే కావడం విశేషం. రాసిన మోతాదుకు భయపడనక్కరలేదు. మూడు విడతలు వరసగా పెట్టడమే నాకు నచ్చనిది.

రాప్తాడు పెంపకందారు, నెలన్నర తర్వాత:

జూన్ చివర ఇంకో ఈతకు పాలు మాన్పించాను, పది పిల్లలు. ఈసారి తల్లినే పక్క గదికి మార్చి పిల్లలను పాత గదిలోనే ఉంచాను. మొదటి మూడు రోజులూ దాణాను గంజిలా కలిపి రోజుకు ఆరుసార్లు, ఒక్కోసారి గిన్నెడు చొప్పున పెట్టాను. రాత్రి పదికి ఒకసారి లేవడం మా ఆవిడకు నచ్చలేదు. వేరుశనగ చెక్క ఆపేశాను.

ఐదో రోజు నాలుగు పిల్లలకు పారుడు వచ్చింది. లిట్మస్ పెట్టాను. ఒకదానికి ఎర్ర కాగితం నీలంగా మారింది, మూడింటికి నీలం కాగితం ఎర్రబడింది. నీలం వచ్చిన పిల్లను పొద్దున్నే బుట్టలో పెట్టుకుని ప్రొద్దుటూరు తీసుకువెళ్లాను. పేగులో ఈ.కోలై పెరిగిందనీ, మా పొడిలోని టెట్రాసైక్లిన్‌కు అది లొంగడం లేదనీ నాలుగు రోజులకు కాగితం వచ్చింది. మిగతా మూడింటికి మందు పెట్టలేదు, దాణా సగానికి తగ్గించి ఓఆర్ఎస్ మాత్రం పట్టించాను. రెండు పిల్లలు మూడో రోజుకు బాగుపడ్డాయి. ఒకటి ఇంకా వదులుగానే వేస్తోంది కానీ తొట్టి దగ్గర అందరికంటే ముందు అదే ఉంటోంది. ఆ మూడోదాని సంగతి ఏం చేయమంటారు?

ప్రొద్దుటూరు పశువైద్యుడు:

తింటోంది కాబట్టి దానికి మందు వద్దు. సాయంత్రానికి డొక్కలు లోపలికి పోతున్నాయా, చర్మం చిటికెతో పట్టి వదిలితే వెంటనే సర్దుకుంటోందా చూడండి. సర్దుకుంటుంటే ఇంకో నాలుగు రోజులు గంజి దాణాతోనే ఉంచండి. అప్పటికీ వదులుగానే వేస్తుంటే, విరేచనాన్ని శుభ్రమైన సీసాలో పట్టి, మంచుగడ్డల మీద పెట్టి పంపండి, పేగు పురుగుల గుడ్ల కోసం, కాక్సీడియా కోసం చూస్తాను. నీలం వచ్చిన పిల్ల పడుకున్న మూలను సున్నంతో కడిగి, ఎండబెట్టాకే మిగతావాటిని అటు వదలండి. ఆ పొడి డబ్బాలో మిగిలిందాన్ని పక్క షెడ్డు వాళ్లు అడిగినా ఇవ్వకండి.